చీరె పెట్టి వాటా ఎగ్గొడ్తరా?

మనది వాటా కోసం పుట్టిన ఉద్యమం. నీళ్లల్ల వాటా, నిధులల్ల వాటా, నియామకాలల్ల వాటా. ఏండ్లకేండ్లు మనం అడిగింది బిచ్చం కాదు, దయ కాదు, మనకు రావాల్సిన పాలు. 'ప్యాకేజీ ఇస్తం, కమిటీ ఏస్తం, మండలి పెడ్తం' అని ఎవలు సముదాయించ వచ్చినా, 'మీ ముష్టి మాకొద్దు, మా వాటా మాకు పంచుండ్రి' అన్నం. ఆ మాట మీద నిలవడ్డం కాబట్టే 2014 జూన్ 2 వచ్చింది.

మరి అదే వాటా మాట మన ఇంటి ఆడబిడ్డ నోట్లెకెళ్లి వస్తే మనకు ఎందుకు మింగుడు పడ్తలేదు?

ప్రతి ఏడు బతుకమ్మకు ఆడబిడ్డను తోలుకొస్తం. తంగేడు, గునుగు ఏరుకొచ్చి ఇస్తం. సద్దుల నాడు కొత్త చీరె పెడ్తం. శుభకార్యమైతే ఒడిబియ్యం పోస్తం. ఒడి నిండ బియ్యం పోసే అన్నదమ్ములు, ఆ బియ్యం పండిన మడిల మాత్రం గుంటెడు జాగ ఇయ్యరు. పైనుంచి భూమి అమ్మేటప్పుడో పంచుకునేటప్పుడో కబురు పంపి, రిజిస్ట్రీ ఆఫీసుకు తోల్కపోయి, 'నాకేం అభ్యంతరం లేదు' అన్న కాగితం మీద సంతకం తీసుకుంటరు. ఆ సంతకానికి ఆమెకు ముట్టేది ఇంకో చీరె, బస్సు కిరాయి. దీనికి మనం పెట్టుకున్న పేరు సంస్కృతి.

చీరె పెట్టి వాటా ఎగ్గొట్టే ఈ సంస్కృతి గురించే ఇయ్యాల తెగేసి మాట్లాడుకోవాలె.

రెండిండ్లల్ల గైర్ ముల్కీ

'ఆడపిల్ల అంటే ఆడి పిల్లనే గని ఈడి పిల్ల కాదు' అంటరు మన పెద్దోళ్లు. ముద్దుగ అనే మాటే. కానీ ఆ ముద్దుమాటల ఒక తీర్పు ఉన్నది. పుట్టినప్పటి సంది ఈ మాట వినుకుంట పెరిగిన పిల్లకు తన ఇల్లు ఏదో ఎన్నడు తెల్వది. పుట్టింట్ల 'నువ్వు పోయేదానివి' అంటరు. అత్తింట్ల 'నువ్వు వచ్చినదానివి' అంటరు. పోయేదానికి వాటా లేదు, వచ్చినదానికి పెత్తనం లేదు. ముల్కీ ఎవలో గైర్ ముల్కీ ఎవలో తెలంగాణోళ్లకు ఒకలు చెప్పాల్సిన పని లేదు. తెలంగాణ ఆడబిడ్డ రెండిండ్లల్ల గైర్ ముల్కీనే.

ఇది ప్రకృతి చేసిన పని కాదు. పుట్టేటప్పుడు ఆడపిల్ల చేతిల చీపురు పట్టుకొని రాలే, మగపిల్లగాడు పాసుబుక్కు పట్టుకొని రాలే. పెంపకం చేసిన పని, ఆచారం చేసిన పని. ఎవుసం చూడుండ్రి. నాటేసేది ఆడోళ్లు, కలుపు తీసేది ఆడోళ్లు, పత్తి ఏరేది ఆడోళ్లు. నడుము వంగేటి పనంత వాళ్లది. కానీ ఆడది నాగలి ముట్టొద్దు అని కట్టడి. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది, కట్టడి మాత్రం పోలే. ట్రాక్టరు సీటు మీద ఆడమనిషి ఎన్ని ఊర్లల్ల కనపడ్తది? నాగలి పట్టనోళ్లు రైతులు కారు, కూలోళ్లు. రైతు కానోళ్లకు పట్టా లేదు. పట్టా లేనోళ్లకు 2018ల వచ్చిన రైతుబంధు లేదు, బ్యాంకుల అప్పు పుట్టదు. పంట దెబ్బతిని మగడు ఉరేసుకుంటే అప్పులోళ్లు మాత్రం ఆమె గడపకే వస్తరు. అప్పుకు వారసురాలు, భూమికి కాదు. ఒక్క నాగలి కట్టడి ఎంత దూరం పోయిందో చూడుండ్రి.

నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు పోతే ఇంకో కథ. చాటల తునికాకు, తంబాకు పెట్టుకొని పొద్దుందాక బీడీలు చుట్టేది ఆడోళ్లే. మగోళ్లు దుబాయి, మస్కట్ పోతే ఇల్లు నిలిపిందీ ఆ చాటనే. పిల్లను చూడవచ్చినోళ్లు 'బీడీలు చేసుడు వస్తదా' అని అడిగేటి దిక్కు అది. అంటే ఆమె సంపాదన కావాలె. కానీ బయట ఎవలన్న 'ఇంట్ల ఏం చేస్తది' అని అడిగితే 'ఏం చేయది, ఇంట్లనే ఉంటది' అంటరు. వేళ్లు అరిగి, పానం కరాబయ్యేదాక చేసిన పని ఆడదాని పని కాబట్టి పనే కాకుండ పోయింది.

మాటలనే మొదలైంది

మన నాలుక మీదనే ఈ వివక్ష ఉన్నది. 'అన్న వచ్చిండు' అంటం. 'అక్క వచ్చింది' అంటం. 'బర్రె వచ్చింది' అంటం. అక్కకు, బర్రెకు ఒకటే క్రియ! ఇది తెలంగాణ యాస తప్పు కాదు, తెలుగు అంతటా ఇదే. 1858ల అచ్చయిన చిన్నయసూరి బాలవ్యాకరణం ఈ సంగతినే సూత్రం కట్టింది. మగోళ్లు మహత్తులు. ఆడోళ్లు, పశుపక్ష్యాదులు, రాళ్లురప్పలు అమహత్తులు. స్కూల్ల ఇది బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నోళ్లమే అందరం.

అయితే ఆ వ్యాకరణంలనే ఒక చమత్కారం ఉన్నది. బహువచనంల ఆడోళ్లు మహత్తులైతరు. 'బర్లు వచ్చినయి' అంటం గని, 'ఆడోళ్లు వచ్చినయి' అనం. 'ఆడోళ్లు వచ్చిన్రు' అంటం. ఒక్కతే ఉంటే మనిషి లెక్కల రాదు, గుంపుగ కూడితే వస్తది. సంఘం పెట్టుకోండ్రి అని మన ఆడబిడ్డలకు వ్యాకరణమే చెప్తున్నది!

ఏ సంస్కృతి? ఎవల సంస్కృతి?

'సంస్కృతి జోలికి రావొద్దు' అని ఉరికొచ్చేటోళ్లు ఉన్నరు. వాళ్లకు మన ఉద్యమమే జవాబు చెప్తది. తెలుగు సినిమాల్ల ఏండ్లకేండ్లు మన భాషను రౌడీకి పెట్టిన్రు, జోకర్‌కు పెట్టిన్రు, పనిమనిషికి పెట్టిన్రు. హీరోయిన్‌కు పెట్టలే. వాళ్లు గీసిన బొమ్మను చూసి మనల్ని మనమే తక్కువ చేసుకున్న రోజులున్నయి. ఒకడు మనకు పాత్ర రాసి ఇస్తే, ఆ పాత్రనే మన గుర్తింపు అయితది అని మనం అప్పుడే నేర్చుకున్నం. సీమాంధ్ర సినిమా తెలంగాణోనికి చేసిన పనే, మన సంస్కృతి ఆడదానికి చేసింది.

సంస్కృతి ఒక్కటే ఉన్నదని ఎవలన్నరు? కష్టం చేసుకొని బతికే కులాలల్ల మగని పక్కన కూసొని కల్లు తాగిన అవ్వలున్నరు. వాళ్లను ఎవలు తప్పు పట్టలే. మగడు సచ్చిపోయినా, పొసగకపోయినా మారుమనువు చేసుకునేది. చాలా కులాలల్ల, లంబాడ తండాలల్ల ఒకప్పుడు పిల్లకే ఓలి ఇచ్చి చేసుకునేది. పిల్ల చేసే కష్టానికి అది గుర్తింపు. పై కులాలను చూసి వాతలు పెట్టుకున్నం. ఓలి పోయి కట్నం వచ్చింది. ఆడపిల్ల బరువైంది. ఎంత బరువైందంటే, 2000 దరిదాపుల్ల దేవరకొండ తండాలల్ల ఆడశిశువుల అమ్మకాలు పత్రికలకెక్కే దాక వచ్చింది. కట్నం మన తాతల ఆచారం అని చెప్పేటోడు, తాత కంటే ముందటి తాతను అడగాలె.

గతమంత బంగారం అనుకోవద్దు. దొర బిడ్డ అత్తింటికి పోతే ఎంబడి తోలిచ్చిన ఆడబాపలు గూడ మన సంస్కృతే. దళిత ఆడపిల్లను దేవుని పేరు మీద ఊరికి ఒప్పజెప్పిన జోగిని ఆచారం గూడ మన సంస్కృతే. దాని మీద 1988ల చట్టం చెయ్యాల్సి వచ్చింది. మనం నెత్తిన పెట్టుకునే బతుకమ్మనే తీసుకోండ్రి. ఎన్నో ఊర్లల్ల మాల, మాదిగ వాడల ఆడోళ్లను ఊరి బతుకమ్మ కాడికి రానియ్యలే. పూలల్ల దేవతను చూసినోళ్లు, పక్కవాడ మనిషిల మనిషిని చూడలే. దళిత రచయిత్రులు ఈ మాట ఎత్తితే నోరు మూయించ చూసినోళ్లు మనలనే ఉన్నరు.

కాబట్టి సంస్కృతి అంటే గుడిల రాయి కాదు, చేసుకున్న ఏర్పాటు. ఎవలు చేసిన్రో, ఎవలకు లాభమో చూసి, ఉంచుకునేది ఉంచుకోవాలె, తీసేసేది తీసేయాలె.

1985 రెండు మాటలు చెప్పింది

ఉద్యోగ మిత్రులారా, మీకు 610 జీవో తారీఖుతోటి సహా యాదికుంటది. 1985 డిసెంబర్ 30. స్థానికేతరులను 1986 మార్చి 31 లోపల ఎనకకు పంపాలన్నది. పంపలే. ఇరవై ఏండ్లు దాని మీద ధర్నాలు, గిర్‌గ్లానీ కమిషన్, సభా సంఘం. 'చట్టం ఉన్నా అమలు చెయ్యని ద్రోహులు' అని తిట్టని నోరు లేదు.

అదే 1985కు ఇంకో ముచ్చట ఉన్నది. హిందూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రంల సవరించి, ఉమ్మడి ఆస్తిల కొడుకుతో పాటు బిడ్డకు సమాన హక్కు ఇచ్చింది ఆ ఏడాది సెప్టెంబర్ 5 నుంచి. అప్పటికే పెండ్లయిన బిడ్డలను మాత్రం పక్కన పెట్టింది. 2005ల కేంద్రమే దేశమంతటికి ఆ హక్కు తెచ్చింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇంకింత సాఫుగ చెప్పింది: బిడ్డకు ఆ హక్కు పుట్టుకతోటే వస్తది, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా.

నలభై ఏండ్లు! 610 జీవో అమలు కాలేదని రోడ్డెక్కిన మనలల్ల, ఆడబిడ్డ హక్కును సొంత ఇంట్ల అమలు చేసినోళ్లు ఎంతమంది? ఇక్కడ సచివాలయం అడ్డం లేదు, సీమాంధ్ర అధికారి ఫైలు తొక్కిపెట్టలే. ఫైలు మన సందూకలనే ఉన్నది.

ఇంకో పోలిక చెప్తా. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం అయ్యింది. సంతకాలు పెట్టింది ఎనిమిది మంది, ఎనిమిదికి ఎనిమిది మంది మగోళ్లు. ఒప్పందం కాగితం మీదనే ఉండిపోయింది. ఇయ్యాల ఊర్లల్ల ఆడబిడ్డ భాగం మీద పంచాయితీ పెడితే కూసునేది గూడ పెద్దమనుషులే, అందరూ మగోళ్లే. 'ఆమెకు ఏదో ఇంత పసుపుకుంకుమ కింద ఇచ్చి తోలుండ్రి' అని తీర్పు. పెద్దమనుషుల ఒప్పందంల మోసపోయినోళ్లం, పెద్దమనుషులమై ఇంకొకలను మోసం చేయొచ్చునా?

ఇంకా ఘోరం, గిరిజన ఆడబిడ్డలకు ఆ కాగితం గూడ లేదు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. గోండు, కోయ, లంబాడ బిడ్డల వాటా ఆచారం దయ మీద ఉన్నది. ముస్లిం ఆడబిడ్డకు షరియత్ కొడుకు వాటాల సగం రాసిపెట్టింది. ఆ సగం గూడ అన్నదమ్ముల మొహమాటానికి ఒదులుకునేటోళ్లు ఎందరో. మతం వేరైనా మగోని ఎత్తు ఒక్కటే.

సర్కారు గూడ అన్న లెక్కనే

సొంత రాష్ట్రం వస్తే మన పాలకులు ఏం చేసిన్రు? అన్నదమ్ములు చేసిందే చేసిన్రు.

2014ల బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసిన్రు. సంతోషం. ఎన్నో ఏండ్లు హేళనకు గురైన పండుగకు గౌరవం దక్కింది. 2016ల ఎల్బీ స్టేడియంల 9 వేల మందికి పైగా ఆడోళ్లతోటి ఆడించి గిన్నిస్ రికార్డు కొట్టిన్రు. 2017ల బతుకమ్మ చీరెలు పంచుడు మొదలువెట్టిన్రు. సిరిసిల్ల మగ్గాలకు పని దొరికింది, అది కాదనేది లేదు. నాసిరకం చీరెలని ఆ ఏడే కొన్నిచోట్ల ఆడోళ్లు కుప్పవోసి కాలవెట్టిన్రు, అదీ మర్చిపోయేది లేదు. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ పథకం ఆపి, మహిళా సంఘాలోళ్లకు ఇందిరమ్మ పేరు మీద చీరెలన్నది. పేరు మారింది, చీరె మారలే.

మరి వాటా? 2014 జూన్ 2 నాడు ఏర్పడ్డ మొదటి మంత్రివర్గంల ఒక్క ఆడమనిషి లేదు. ఆ సర్కారు ఉన్నన్ని దినాలు లేదు. 2019 సెప్టెంబర్ 8న గని ఇద్దరికి చోటు దొరకలే. అంటే ఐదేండ్ల మూడు నెలలు, ఆడబిడ్డల పండుగను రాష్ట్ర పండుగ చేసిన రాష్ట్రం ఆడమంత్రి లేకుండ నడిచింది. 119 మంది శాసనసభల 2018ల గెలిచిన ఆడోళ్లు ఆరుగురు, 2023ల పదిమంది. ఓట్లల్ల సగం, సీట్లల్ల పన్నెండో వంతు. ఏ పార్టీ జెండా చూసినా రంగే తేడా.

కల్యాణలక్ష్మి ముచ్చట గూడ అంతే. 2014 అక్టోబర్ 2న 51 వేలతోటి మొదలై, 2017ల 75,116, 2018ల 1,00,116 అయ్యింది. 2023 ఎన్నికలల్ల కాంగ్రెస్ దానికి తోడు తులం బంగారం అన్నది. పద్దెనిమిది నిండాలన్న షరతు మంచిది, పేదింటికి అప్పు తప్పితే మంచిదే. కానీ సర్కారు చెప్తున్నదేంది? ఆడపిల్ల అంటే పెండ్లి ఖర్చు, ఆ ఖర్చు మేం పంచుకుంటం అని. అదే లక్ష ఆ పిల్ల పీజీ ఫీజుకో, హాస్టలుకో, దుకాణం పెట్టుకునేదానికో ఇస్తం, పెండ్లి ఆమె ఇష్టం అని ఎందుకు అనలేకపోయింది? మేనమామ మంగళసూత్రం తెచ్చినట్టు సర్కారు చెక్కు తెచ్చింది. మేనమామలు మనకు చాలామందే ఉన్నరు. కావాల్సింది పాలకులు.

2023 డిసెంబర్ 9 నుంచి బస్సుల ఆడోళ్లకు టికెట్ లేదు. చీరె పథకాలకు దీనికి తేడా ఉన్నది. చీరె ఇంట్ల కూసోబెడ్తది, బస్సు బయటకు తీస్కపోతది. అందుకే మగోళ్లకు మంట లేసింది. 'పనీ పాటా లేక తిరుగుతున్నరు' అని ఒకడు, 'బస్సుల కూసొని ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్నరు' అని ఒకడు నవ్విన్రు. నవ్వెటోడు ఒక్కటి ఆలోచించాలె. ఆ ఎల్లిగడ్డ ఎవల కూరలకు? బస్సు ఎక్కినా వంటిల్లు ఆమెను ఇడవలే.

ఇగ 2024 డిసెంబర్ 9న సచివాలయంల కొత్త తెలంగాణ తల్లి విగ్రహం పెట్టిన్రు. కిరీటం తీసేసిన్రు, చేతిల బతుకమ్మ తీసేసిన్రు, ఆకుపచ్చ చీరె కట్టిన్రు. పాత తల్లే తల్లి అని ఒకలు, కొత్త తల్లే తల్లి అని ఒకలు టీవీల కూసొని తిట్టుకున్నరు. తల్లికి ఏ చీరె కట్టాలె అన్న లొల్లి నెలల కొద్ది నడిచింది. తల్లి పేరు మీద ఎన్ని గుంటలున్నయి అని ఒక్కడు అడగలే.

వంటావార్పు అయిపోయినంక

ఉద్యమంల ఆడోళ్లు లేని రోజు లేదు. 2011 మార్చి 10 మిలియన్ మార్చ్‌ల ముళ్లకంచెలు దాటినోళ్లు ఉన్నరు. ఆ ఏడే సెప్టెంబర్‌ల మొదలైన సకల జనుల సమ్మెల 42 రోజులు జీతం ఇడిసిన ఆడ ఉద్యోగులు, టీచరమ్మలు ఉన్నరు. ఓయూ హాస్టళ్ల మీద పోలీసులు పడ్డప్పుడు ఎదురు నిలవడ్డ విద్యార్థినులున్నరు. కానీ కార్యక్రమం రాసేటప్పుడు వాళ్లకు మనం ఇచ్చిన పాత్ర ఏంది? బతుకమ్మ, బోనం, మంగళహారతి. వేదిక మీద మాట్లాడేటోళ్ల పేర్లల్ల ఆఖరుకు ఒక్కరు. వంటావార్పు పేరు మీద మగోళ్లు గూడ నడిరోడ్డు మీద గంటె తిప్పిన్రు, ఫొటోలు దిగిన్రు. కెమెరా పోయినంక ఇంట్ల పొయ్యి కాడికి వచ్చినోళ్లు ఎందరు?

ఇది కొత్త కథ కాదు. సాయుధ పోరాటంల తుపాకి పట్టిన ఆడోళ్లను పోరాట విరమణ అయినంక ఇంటికి పొమ్మన్నరు. 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంల స్త్రీశక్తి సంఘటన వాళ్ల నోటితోనే ఆ బాధ రాయించింది. 1969ల ముందట నడిచిన టి.ఎన్.సదాలక్ష్మి, ఈశ్వరీబాయి పేర్లు ఎంతమంది విద్యార్థి నాయకులకు తెలుసు? ఇద్దరూ దళిత ఆడబిడ్డలు కాబట్టి రెండు తీర్ల మర్చిపోయినం.

చాకలి ఐలమ్మ విగ్రహానికి దండ ఏస్తం, 2024ల కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టుకున్నం. మంచిదే. కానీ ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖుతోటి కొట్లాడింది చీరె కోసం కాదు, సారె కోసం కాదు. తను దున్నుకున్న భూమి కోసం, ఆ భూమిల పండిన పంట కోసం. ఆమెకు దండ ఏసి చెల్లె భాగం మింగేటోడు, ఏ దొర పక్కన నిలవడ్డడో తనే తేల్చుకోవాలె.

'ముక్కలైతది' అనేటోళ్లకు

వాటా అడిగితే మూడు జవాబులు తయారుగ ఉంటయి. ఒకటి: కట్నం ఇచ్చినం గదా. కట్నం అల్లునికి ఇచ్చినవు, భాగం బిడ్డకు ఇయ్యాలె. కట్నం 1961 నుంచి నేరం, భాగం హక్కు. నేరం చేసినందుకు హక్కు చెల్లైందంటే ఎట్ల?

రెండు: భూమి ముక్కలైతది. నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే ముక్కలు కాని భూమి, అయిదో భాగం అక్కకు ఇస్తేనే ముక్కలైతదా? ఈ మాట ఎక్కడనో విన్నట్టు లేదూ? 'రాష్ట్రం ముక్కలైతది, అన్నదమ్ముల లెక్క కలిసుందం' అని సమైక్యవాదులు చెప్పిన మాటనే ఇది. అప్పుడు మనకు నచ్చలే.

మూడు: భాగం అడిగితే పుట్టింటి దారి బందయితది. ఇదే అసలు ఆయుధం. హైదరాబాద్ చుట్టుముట్టు భూమి ధర పెరిగిన కాడల్ల, అడిగిన చెల్లెను బతుకమ్మకు పిలుసుడు బంద్ పెట్టిన ఇండ్లున్నయి. తోడబుట్టిన పేగును బెదిరింపుకు వాడుకునేదాన్ని ప్రేమ అనరు. వాటా ఇస్తే తెగిపోయే సంబంధం అయితే, ఇన్నాళ్లు దాన్ని నిలవెట్టింది ప్రేమ కాదు, ఆమె సంతకం.

ఈసారి తేలాలె

2023ల రాజ్యాంగ సవరణ చేసి చట్టసభలల్ల మూడో వంతు సీట్లన్నరు. జనగణన కావాలె, నియోజకవర్గాల పునర్విభజన కావాలె అని ముడి పెట్టిన్రు. 'చేస్తం గని ఇప్పుడు కాదు' అన్న మాటను మనకంటే ఎక్కువ విన్నోళ్లు దేశంల లేరు. కాబట్టి పార్టీలకు ముందే చెప్పాలె: చట్టం అమలయ్యే దాక ఆగే పని లేదు, టికెట్లు మీ చేతిలనే ఉన్నయి, ఇయ్యుండ్రి. సర్కారు ఇచ్చే ప్రతి గుంట, ప్రతి ఇల్లు ఆడమనిషి పేరు మీదనన్న, ఇద్దరి పేరు మీదనన్న ఉండాలె. గిరిజన బిడ్డల వారసత్వం సంగతి గిరిజన ఆడోళ్లతోటే కూసొని తేల్చాలె.

విద్యార్థి తమ్ముళ్లారా, కట్నం తీసుకోనని ఒట్టు పెట్టుకుంటే సరిపోదు, చెల్లె సంతకం తీసుకోనని గూడ పెట్టుకోండ్రి. ఉద్యోగ అన్నలారా, 610 ఫైలు పట్టుకొని తిరిగిన ఆ ఓపికతోటే ఇంటి పాసుబుక్కు ఒకసారి తెరువుండ్రి. అక్కలారా, చెల్లెలారా, ఆ రిజిస్ట్రీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్కసారి చదువుండ్రి. చదివినంక అన్నను అడుగుండ్రి: అన్నా, చీరె బాగున్నది, నా పాలు ఏది?

పంచుకుంటే పోయేది పుట్టిల్లు కాదు, పెత్తనం. అది పోతేనే తెలంగాణ మొత్తానికి వచ్చినట్టు.

జై తెలంగాణ!